వేడెక్కితే ఆగిపోయే బండి

చల్లగా ఉన్నంతసేపూ ఏ లోపమూ చూపకుండా, ఇంజను బాగా కాగిన తర్వాతే ఆగిపోయే బండిని బాగుచేయడం ఎంత కష్టమో పాత మోటారుసైకిళ్లు నడిపినవారికి చెప్పనక్కర్లేదు. నా దగ్గరున్న నాలుగు స్ట్రోకుల సింగిల్ సిలిండర్ బండికి ఒకప్పుడు ఆ జబ్బే ఉండేది. ఉదయం కిక్కు కొట్టగానే అందుకునేది, ఐడ్లింగ్‌లో నిలకడగా కొట్టుకునేది, గేరు వేస్తే పికప్ కూడా చక్కగా ఉండేది. ఎండలో కొంత దూరం పోయాక సైలెన్సర్‌లోంచి టప్పుమని ఒకటి రెండు చప్పుళ్లు వచ్చి, తాళం తిప్పి ఆపినట్టుగా ఆగిపోయేది. పక్కకు తీసి, చేయి పెట్టగలిగేంతగా ఇంజను చల్లారేదాకా కూర్చుంటే, ఏమీ జరగనట్టే మళ్లీ స్టార్ట్ అయ్యేది. షెడ్డుకు తీసుకువెళితే అక్కడ ఆగేది కాదు. నడుస్తున్న బండిలో లోపం వెదకడం ఎవరివల్లా కాదు కాబట్టి, వెళ్లినప్పుడల్లా ఏదో ఒక భాగం మారుతూ వచ్చింది. ప్లగ్గు మారింది, కాయిల్ మారింది, చివరికి కార్బొరేటర్ కూడా మారింది. జబ్బు మాత్రం అలాగే ఉంది.

పాత బండ్లంటే ప్రాణం పెట్టే కొందరితో నాకు స్నేహం కుదిరింది ఆ రోజుల్లోనే. వారిలో ఒకరు జీవితమంతా ఇంజన్ల మధ్య గడిపి పదవీ విరమణ చేసిన పెద్దాయన. ఆయనను అందరం బాబాయ్ గారనే పిలిచేవాళ్లం. మరొకరు లేత్ మిషన్ మీద పనిచేసే మిత్రుడు. ఇంకొకరు రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే మిత్రుడు. వీళ్లు కాక, పెద్దగా పనితనం లేకపోయినా నేర్చుకోవాలన్న ఆసక్తితో వచ్చే నాలాంటి వాళ్లం ఇంకొందరం ఉండేవాళ్లం. నా బండి సంగతి చెప్పినప్పుడు బాబాయ్ గారు పానా ముట్టుకోలేదు. ప్రశ్నలు అడిగారు.

“అబ్బాయ్, ఆగేముందు ఈడుస్తూ ఈడుస్తూ ఆగుతుందా, టక్కున ఆగుతుందా? ఆగిన వెంటనే కిక్కు మీద కాలు వేస్తే గట్టిగా తగులుతుందా, తేలిగ్గా దిగిపోతుందా? ఎప్పుడైనా ఆ సమయంలో ట్యాంకు మూత తీసి చూశావా?”

మొదటి ప్రశ్నకు తప్ప మిగిలినవాటికి నా దగ్గర జవాబు లేదు. ఆయన తల ఊపి, ఈ లక్షణం చూపించగల కారణాలను ఒక్కొక్కటిగా వివరించారు. ట్యాంకు మూతకుండే సన్నటి గాలి రంధ్రం మూసుకుపోతే, పెట్రోలు దిగేకొద్దీ లోపలి గాలి పీడనం తగ్గి, కాసేపటికి పెట్రోలు దిగడమే మానేస్తుంది; బండిని నిలిపి ఉంచితే ఏదో సందులోంచి కొంత గాలి లోపలికి చేరి మళ్లీ దిగుతుంది; చూసేవారికి అది ఇంజను చల్లారినందువల్ల బాగైనట్టే అనిపిస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వును నెట్టి తెరిచే టాపెట్ మరీ బిగువుగా ఉంటే, వేడికి వాల్వు కాడ సాగి, వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోలేక కంప్రెషన్ పోవచ్చు. ఇగ్నిషన్ కాయిల్‌లోని సన్నటి తీగ మీది పూత దెబ్బతింటే వేడికి స్పార్కు బలహీనపడుతుంది. స్పార్కు కోసం కాయిల్‌కు కరెంటును కలిపి తెంచే రెండు లోహపు మొనలను పాయింట్లంటారు; వాటి పక్కనుండే కండెన్సర్ అనే చిన్న డబ్బా పాడైనా అదే జరుగుతుంది. నాలుగూ వేడికి ఆపేవే, నాలుగూ చల్లారితే నడవనిచ్చేవే. వాటిని ఒకదానినుంచి ఒకటి విడదీసి చూడగలిగేది బండి ఆగిన మొదటి రెండు మూడు నిమిషాల్లోనే. ఆ తర్వాత సాక్ష్యమంతా చల్లారిపోతుంది. అందుకే ఆయన, “షెడ్డులో కూర్చుంటే తేలేది కాదు, బండి ఎక్కడ ఆగుతుందో అక్కడే మనమూ ఉండాలి” అన్నారు.

పాత బండి విషయంలో సలహా చెప్పేవారికి ఎప్పుడూ కొదవ ఉండదు. ఆగే చోటుదాకా మన వెంట వచ్చి, ఎండలో నిలబడేవారు అరుదు. వాళ్లు వచ్చారు. వాహనాల రాకపోకలు తక్కువగా ఉండే దారి చూసుకుని, మధ్యాహ్నం ఎండలో అందరం మా మా బండ్ల మీద బయలుదేరాం. ఎవరి పని ఏమిటో బాబాయ్ గారు ముందే అప్పజెప్పారు. బండి ఆగగానే లేత్ మిత్రుడు ట్యాంకు మూత తిప్పి, గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తుందేమో వినాలి. బాబాయ్ గారు కిక్కు రాడ్డును చేత్తో నొక్కి కంప్రెషన్ చూస్తారు. రేడియో మిత్రుడు జేబులో ఒక మంచి ప్లగ్గు, రెండు వైపులా క్లిప్పులున్న తీగ, కొత్త కండెన్సర్ ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి.

అనుకున్నట్టే బండి ఆగింది. మూత తీస్తే ఏ చప్పుడూ లేదు. ట్యాంకులో గాలి సరిగానే ఉంది. కిక్కు రాడ్డు చేతికి గట్టిగానే తగిలింది. అంటే వాల్వులు సీట్ల మీద సరిగానే కూర్చుంటున్నాయి. అక్కడితో రెండు అనుమానాలు తీరిపోయాయి. ట్యాంకు మూత బిగించి, పెట్రోల్ కాక్ కట్టేసిన తర్వాతే రేడియో మిత్రుడు స్పార్కు చూడడానికి పూనుకున్నాడు. ఇంజనులోని ప్లగ్గును అతను విప్పలేదు. విప్పితే ఆ రంధ్రంలోంచి వచ్చే పెట్రోలు ఆవిరి స్పార్కుకు అంటుకునే ప్రమాదం ఉంది. ప్లగ్గు క్యాపును మాత్రం లాగి, జేబులోని ప్లగ్గుకు తొడిగి, దాని ఒంటిని సిలిండర్ రెక్కలకు ఆనించి, మరో చేత్తో నీడ పట్టాడు. నేను కిక్కు కొట్టాను. చల్లగా ఉన్నప్పుడు చిటుక్కుమని నీలంగా దూకే స్పార్కు, అప్పుడు ఎర్రగా, సన్నగా, ఒక కిక్కుకు కనబడి మరో కిక్కుకు కనబడకుండా పోయింది. లోపం పెట్రోలుది కాదని, కరెంటుదని తేలింది. ఆ క్షణంలో మా అందరి ముఖాల్లో కనిపించిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నా బండి హెడ్‌లైటు మీద చిన్న ఆంపియర్ మీటరు ఉంటుంది. కిక్కును నెమ్మదిగా నొక్కుతూ పోతే, పాయింట్లు కలిసి ఉన్నంతసేపు దాని ముల్లు మైనస్ వైపుకు వాలి, పాయింట్లు విడిపోగానే మధ్యకు వస్తుంది. అప్పుడూ ముల్లు అలాగే ఆడింది. అంటే బ్యాటరీ, తీగలు, పాయింట్లు తమ పని తాము చేస్తున్నాయి. కండెన్సర్ పూర్తిగా షార్ట్ అయి ఉంటే పాయింట్లు విడిపోయినా కరెంటు దానిలోంచి ఎర్త్‌కు పోయి, ముల్లు మైనస్‌లోనే నిలిచిపోయి ఉండేది. ఈ కారణంగానే మాలో ఒకరిద్దరు కండెన్సర్ బాగుందని, మార్చిన కాయిలే మంచిది కాదని అన్నారు. రేడియో మిత్రుడు ఒప్పుకోలేదు. పాయింట్ల మూత విప్పి, “ఇంకోసారి కొట్టండి అన్నా” అన్నాడు. కొట్టాను. రెండు పాయింట్ల మధ్య పట్టపగలు కూడా కనబడేంత మెరుపు వచ్చింది. ప్లగ్గు దగ్గర రావలసిన స్పార్కు పాయింట్ల దగ్గర వస్తోందన్నమాట.

అతను పాత కండెన్సర్ తీగను పాయింట్లనుంచి విప్పేసి, కొత్తదాన్ని క్లిప్పుల తీగతో తగిలించి, దాని ఒంటిని ఫ్రేముకు కట్టాడు. పాతదాన్ని అలాగే ఉంచి కొత్తదాన్ని పక్కన కలిపితే ఫలితం తెలియదని, కరెంటును కార్చే కండెన్సర్ పక్కన ఎంత మంచి కండెన్సర్ పెట్టినా కారేది కారుతూనే ఉంటుందని చెప్పాడు. ఇంజను ఇంకా చేయి పెట్టలేనంత వేడిగానే ఉంది. పెట్రోల్ కాక్ తెరిచి కిక్కు కొడితే బండి వెంటనే అందుకుంది. చల్లారకముందే స్టార్ట్ కావడం అదే మొదలు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో ఆ సాయంత్రం అతను కాగితం మీద గీసి చూపించాడు. బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో స్పార్కు పుట్టించే ఏర్పాటును చార్లెస్ కెటరింగ్ రూపొందించగా, 1910 మోడల్ కాడిలాక్ కార్లలో దాన్ని వాడారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు కార్లూ మోటారుసైకిళ్లూ దాదాపుగా అదే సూత్రం మీద నడిచాయి. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు కాయిల్‌లోని ప్రైమరీ చుట్టలో కరెంటు పారి అయస్కాంత శక్తి నిండుతుంది; పాయింట్లు విడిపోగానే ఆ శక్తి ఒక్కసారిగా కూలిపోయి, వేల చుట్లున్న సెకండరీలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర స్పార్కుగా దూకుతాయి. ఆ కూలడం ఎంత వేగంగా జరిగితే స్పార్కు అంత బలంగా ఉంటుంది. అదే క్షణంలో ప్రైమరీలో కూడా రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి. వాటిని తనలోకి తీసుకుని, పాయింట్ల మధ్య మెరుపు రాకుండా చూడడమే కండెన్సర్ పని. దాని సామర్థ్యం సుమారు 0.2 మైక్రోఫారడ్ మాత్రమే. అంత చిన్న వస్తువు పాడైతే పాయింట్ల మధ్య మెరుపు ఆగక, కాయిల్‌లోని శక్తి నెమ్మదిగా కారిపోయి, ప్లగ్గుకు ఏమీ మిగలదు.

మరి మామూలు మీటరు పెట్టి చూసినప్పుడు ఆ పాత కండెన్సర్ మంచిదిగానే ఎందుకు కనిపించింది? అతను దాన్ని తన బల్ల మీద పెట్టి, ముందు మల్టీమీటరుతో చూశాడు, లోపం కనబడలేదు. తర్వాత మెగ్గర్ తగిలించాడు. ఇన్సులేషన్‌ను వందల వోల్టుల మీద పరీక్షించే యంత్రం అది. చల్లగా ఉన్నప్పుడు దాని ముల్లు బాగానే నిలబడింది. అప్పుడు కండెన్సర్ మీదికి వేడిగాలి కొట్టడం మొదలుపెట్టాడు. ఆ డబ్బా వేడెక్కేకొద్దీ ముల్లు మొదట వణికి, తర్వాత మెల్లగా జారుతూ కిందికి వచ్చింది. గాలి ఆపి చల్లారనిస్తే మళ్లీ పైకి లేచింది. దారి పక్కన నన్ను అన్నాళ్లు కూర్చోబెట్టిన జబ్బు నా కళ్లెదుట, ఒక ముల్లు కదలికలో, మొదటినుంచి చివరిదాకా జరిగిపోయింది. మల్టీమీటరు తనలోని చిన్న బ్యాటరీ వోల్టేజితోనే చూస్తుంది కాబట్టి దానికి లోపం దొరకలేదు. ఆంపియర్ మీటరుకు దొరకకపోవడానికి కారణమూ అదే. బ్యాటరీ వోల్టేజిని ఆపగలిగిన పొర, వేడిలో వందల వోల్టుల దెబ్బను ఆపలేకపోయింది. పాత బండ్ల గురించి నేను నేర్చుకున్నవాటిలో ఇంత స్పష్టంగా మనసులో నిలిచినది మరొకటి లేదు.

కొత్త కండెన్సర్‌ను పాత చోట పెట్టవద్దని బాబాయ్ గారు చెప్పారు. ఇంజను పక్కనున్న ఆ చిన్న గదిలో వేడి ఎక్కువ. కాయిల్‌నుంచి పాయింట్లకు వచ్చే తీగ ఒకటే కాబట్టి, కండెన్సర్‌ను కాయిల్ పక్కన, గాలి తగిలేచోట బిగించినా పని ఒకటే; ఎర్త్ మాత్రం రంగు గీకేసిన శుభ్రమైన ఇనుము మీద గట్టిగా ఉండాలి. పాయింట్లను కూడా ఆయనే సరిచేయించారు. కండెన్సర్ పాడైన బండిలో ఒక పాయింటు మీద చిన్న మొటిమ, ఎదుటిదాని మీద గుంట ఏర్పడతాయి. ఆ మొటిమ మీద, సందును కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్ పెడితే అది ఉన్న సందుకన్నా తక్కువ చూపిస్తుంది. అందుకని ముందు సన్నటి ఆకురాయితో రెండింటినీ చదును చేయాలి. ఎమెరీ పేపరు వాడితే దాని రజను పాయింట్ల మీద నాటుకుని మళ్లీ కాలుస్తుందని ఆయన వాడనివ్వలేదు. తర్వాత తెల్ల కాగితాన్ని మధ్యలో పెట్టి, అది మరకలేకుండా వచ్చేదాకా లాగించారు. సందును 0.35నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంచాం. టైమింగ్‌కు కూడా పలచటి కాగితమే సాయం; పాయింట్ల మధ్య దాన్ని ఉంచి, మెల్లగా లాగి పట్టుకుని ఇంజనును చేత్తో తిప్పుతూ పోతే, కాగితం జారి బయటికి వచ్చిన క్షణమే పాయింట్లు విడిపోయే క్షణం. ఇప్పుడు దీనికి లైట్లు, యంత్రాలు ఉన్నాయి. చేతికి తెలిసేలా నేర్చుకోవడానికి ఆ కాగితంకన్నా మంచి ఉపాయం లేదని నా నమ్మకం.

ఆ తర్వాత కొంతకాలానికి, రెండు స్ట్రోకుల బండి నడిపే ఒక యువకుడు సరిగ్గా ఇవే లక్షణాలు చెప్పుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. కండెన్సర్ మార్చేద్దామని మాలో కొందరు తొందరపడ్డారు. బాబాయ్ గారు మాత్రం మళ్లీ బండ్లు తీయమన్నారు. దారిలో అతని బండి ఆగగానే స్పార్కు చూస్తే నీలంగా, బలంగా ఉంది. ట్యాంకు మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి పోయింది. గాలి రంధ్రంలో మట్టి గట్టిపడి ఉంది. సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేయడంతో ఆ కథ అక్కడే ముగిసింది.

ఆ స్నేహాల్లో నేర్చుకున్న పనులు ఇంకా చాలా ఉన్నాయి. టాపెట్లు సరిచేయడం బాబాయ్ గారి చేతుల మీదుగానే వచ్చింది. నా ఇంజనుకు, వాల్వులను తెరవడానికి కిందినుంచి నెట్టే పుష్ రాడ్లు ఉంటాయి. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకొసకు తెచ్చి, రెండు వేళ్లతో రాడ్డును తిప్పిస్తూ స్క్రూ బిగించమనేవారు. రాడ్డు వేళ్ల మధ్య సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. చెక్ నట్టు బిగించేటప్పుడు ఆ సర్దుబాటు కొద్దిగా మారుతుంది కాబట్టి, బిగించాక మళ్లీ తిప్పి చూడనిదే మూత పెట్టనిచ్చేవారు కాదు. “గేజ్ లెక్క చెబుతుంది, వేలు సంగతి చెబుతుంది” అనేవారు.

పానాల సంగతి లేత్ మిత్రుడు నేర్పాడు. పాత బ్రిటిష్ నమూనా ఇంజన్ల మీద జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన పద్ధతి మరలు ఉంటాయి. వాటి మరకోణం 55 డిగ్రీలు, మెట్రిక్ మరలది 60 డిగ్రీలు. దగ్గరి కొలతలో ఉన్న మెట్రిక్ బోల్టు ఒకటి రెండు చుట్లు లోపలికి పోయినట్టే పోయి, తర్వాత అల్యూమినియం మరను చెక్కేస్తుంది. విట్‌వర్త్ పానా మీద రాసి ఉండే అంకె నట్టు వెడల్పు కాదని, బోల్టు మందమని కూడా అతను చెప్పేదాకా నాకు తెలియదు. అరిగిపోయి మార్కెట్టులో దొరకని కిక్కు షాఫ్టు బుష్షును అతనే ఫాస్ఫర్ బ్రాంజ్ కడ్డీనుంచి తిరగవేసి ఇచ్చాడు. ఆ బుష్షు నేటికీ బండిలోనే ఉంది.

ఐడ్లింగ్ నిలవని బండి వస్తే కార్బొరేటర్ విప్పేముందు, ఇంజను నడుస్తుండగా కార్బొరేటర్‌కూ సిలిండర్ హెడ్డుకూ మధ్యనున్న అతుకు మీద కొద్దిగా ఆయిల్ రాసి చూసేవాళ్లం. అక్కడినుంచి గాలి లాగుతుంటే ఇంజను చప్పుడు వెంటనే మారిపోతుంది. క్లచ్ జారుతోందంటే ముందు ఏ ఆయిల్ పోశారని అడిగేవాళ్లం. రాపిడి తగ్గించే పదార్థాలు కలిపిన కార్ల ఆయిల్, ఇంజను ఆయిల్‌లోనే తడుస్తూ పనిచేసే తడి క్లచ్ ప్లేట్లకు పడదు. అలాంటి క్లచ్‌లకు సరిపడే ఆయిల్ అని చెప్పే జాసో ఎంఏ గుర్తున్న ఆయిల్ పోసి, ప్లేట్లు కడిగి బిగిస్తే చాలా బండ్లు సర్దుకునేవి. ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు గొట్టాలు ఉబ్బడం, పగలడం మొదలైంది. అందుకని అందరం ఒకేసారి మంచి గొట్టాలు తెప్పించుకుని మార్చుకున్నాం. ఎక్కువకాలం నిలిపే బండి కార్బొరేటర్‌లోని పెట్రోలు తీసేయడం కూడా అప్పటినుంచే అలవాటైంది.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవాలా అన్న చర్చ మాత్రం మా మధ్య ఎన్నడూ తెగలేదు. రేడియో మిత్రుడు పెట్టుకోవాలనేవాడు. అరగడానికి పాయింట్లు ఉండవు, టైమింగ్ జరగదు, స్పార్కు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఈ మాటల్లో ఒక్కదాన్నీ కాదనలేం. దారిలో పాడైతే ఆ పెట్టెను విప్పి చేయగలిగింది ఏమీ లేదన్నది బాబాయ్ గారి వాదన. అదీ నిజమే. దూరప్రయాణాలు చేసే ఇద్దరు మిత్రులు మార్చుకుని సుఖంగా ఉన్నారు. నేను పాయింట్లతోనే ఉండిపోయాను, ఎందుకంటే ఆ భాగాల్లో ప్రతిదాని పని నాకు కంటితో చూసి తెలుసు. నా టూల్ బాక్సులో ఫీలర్ గేజ్, ఆకురాయి, ఒక మంచి ప్లగ్గు, క్లిప్పుల తీగ, అదనపు కండెన్సర్ ఎప్పుడూ ఉంటాయి. కొన్న కండెన్సర్‌ను రేడియో మిత్రుడి బల్ల మీద వేడిచేసి, మెగ్గర్ తగిలించి చూసిన తర్వాతే పెట్టెలో పెడతాను. పాత బండ్లకు దొరికే సరుకులో చాలా భాగం ఏళ్ల తరబడి అలమరల్లో ఉండిపోయినదే, పొట్లం విప్పనిదైనంత మాత్రాన లోపలి పొరలు కొత్తవి కావు.